పంతొమ్మిది గాట్లు

అట్టపెట్టెలో ఉన్నవి మూడే:
డాక్టర్ ఫర్కర్ పిరీ నివేదిక, నాలుగు పేజీలు;
సిరాతో గీసిన రెండు చేతుల బొమ్మ;
కవరులో గుడ్డపీలికలు, ఎండిన తేయాకు రంగువి.
స్కాట్లండ్ ఈశాన్యపు రేవు, 1886 ఆగస్టు,
హెరింగ్ చేపల కాలం.
ఎల్స్పెట్ డథీ, ఇరవై రెండేళ్లు,
ఉప్పు గోదాము వెనక, తడి రాళ్ల మీద.
చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు.

ముప్పై నాలుగేళ్లు శవపరీక్షలు చేసినదాన్ని.
పిరీతో పేచీ పెట్టుకుందామనే వచ్చాను.

"మరణం రాత్రి రెండింటికి" అంటాడు.
ఎలా తెలిసిందయ్యా?
అరచెయ్యి పొట్టమీద ఆనించి చూశాడట.
దవడ బిగిసింది, మోకాళ్లు బిగియలేదు, కాబట్టి రెండు.
కడుపులో బంగాళాదుంప, ఓట్ల రొట్టె, సగం అరిగినవి.
ఎప్పుడు తిన్నదో ఎవర్నీ అడగలేదు.
సముద్రపు చలిగాలి బిగువును ఆపుతుంది,
పద్నాలుగు గంటలు వంగి పనిచేసిన ఒళ్లు దాన్ని తొందరపెడుతుంది.
ఒకటి అటు లాగితే ఒకటి ఇటు.
నన్నడిగితే పదికీ నాలుగుకీ మధ్య అంటాను,
అంతకంటే ఇరుకు చేయమంటే నా వల్ల కాదు.
కానీ ఆ రెండు అనే మాటే చాలింది
పీపాల మేస్త్రి హెక్టర్ మెయిర్‌ని ఇంటికి పంపడానికి:
ఒంటిగంట నుంచీ అతను జబ్బుపడ్డ తల్లి మంచం పక్కన,
ఎదురుగా చర్చి పాస్టరు.

మెడమీద ఒకే కోత. "శరీరశాస్త్రం తెలిసిన చెయ్యి."
ఆ ఒక్క వాక్యానికి
ఆర్క్నీ దీవి నుంచి వచ్చిన పశువుల వైద్యుడు మాగ్నస్ ఫ్లెట్
కిటికీ అద్దాలన్నీ పోగొట్టుకుని ఊరు వదిలాడు.
అయ్యా పిరీ, నీ కిటికీ తెరిస్తే కనిపించేది కాదా,
రేవు పొడుగునా నాలుగు వందల మంది ఆడవాళ్లు,
నిమిషానికి నలభై చేపల పొట్టలు
కబుర్లాడుతూ చీల్చేవాళ్లు?

ఇక చేతులు.
పంతొమ్మిది గాట్లు లెక్కపెట్టి
"చాలాసేపు పెనుగులాడింది" అని తేల్చాడు.
పెనుగులాడితే అరిచి ఉంటుంది.
అరిస్తే పక్క గుడిసెలో నిద్రపోతున్న జట్టుపిల్లలు వినే ఉంటారు.
వినలేదన్నారు, కిర్స్టీ, బెథియా.
కిర్స్టీ మరుసటేడు రేవుకి రాలేదు.
బెథియా అక్కడే ఉండి, బతికినంతకాలం
అబద్ధాలకోరు అనిపించుకుంది.

బెథియా మా నాయనమ్మ.
ముందే చెప్పాల్సింది.
తక్కెడ పట్టుకున్నవాళ్లు బొటనవేలు ఎక్కడుందో చూపించాలి.

ఆవిడ పోయేనాటికి నాకు ఏడేళ్లు. ఆ వేళ్లు గుర్తు:
ఉప్పు తిన్న గుంటలు, కత్తి జారిన గీతలు,
చలికాలం రాగానే మళ్లీ నోళ్లు తెరిచేవి.
పిరీ బొమ్మలో అవే గుంటలు, అవే చోట్ల.
పక్కన సన్నటి అక్షరాలు: "అంచులు తెల్లబడి, ఉబ్బి".
అప్పుడే తెగిన చర్మం అలా తెల్లబడి ఉబ్బదు, డాక్టరుగారూ.
కన్ను సరిగ్గానే చూసింది, కలం తొందరపడింది.
పదహారు పాతవి. రెండు చెప్పలేను.
కొత్తది ఒక్కటే.
పెనుగులాట లేదు. బహుశా కేకా లేదు.
నాయనమ్మ అబద్ధం చెప్పలేదు.

అక్కడితో పెట్టె మూసేయొచ్చు.
మూసేదాన్నే, ఆ కవరు లేకపోతే.

మీద చీటీ: "హంతకుడి చొక్కా పీలికలు".
చొక్కా కాదు, పిండిసంచి గుడ్డ.
కత్తికి తెగకుండా వేళ్లకి చుట్టుకునేవాళ్లు,
పడుకోబోయే ముందు విప్పేవాళ్లు.
ఆ రాత్రి పని ఆగింది పదకొండున్నరకి, కూలీ పుస్తకంలో ఉంది.
అంటే ఎల్స్పెట్ పక్క చేరనేలేదేమో.
అంటే రెండు కాదేమో.
ముల్లు మెల్లగా మెయిర్ వైపు కదిలింది.
కదిలి, అక్కడ ఆగలేదు.

పదకొండున్నరకి
నాయనమ్మ మాత్రం నిద్రపోయి ఉంటుందా?

ఎడమచేతి కట్లు ఎవరికి వాళ్లే పళ్లతో బిగించుకునేవాళ్లు.
కుడిచేతివి జట్టుపిల్ల కట్టాలి.
ఒక పీలికకి ముడి ఇంకా ఉంది,
చిన్నది, కొస లోపలికి దోపింది.
నా బూటు లేసులకి ఆవిడ నేర్పిన ముడి.
రేవులో అందరూ అలాగే వేసేవాళ్లేమో.
అడగడానికి ఎవరూ మిగల్లేదు.

నివేదిక చివర "నిర్ణయించలేం" అని రాశాను.
బొటనవేలు తీసేశాననే అనుకుంటున్నాను.